రిజైన్ లెటర్ రాయొద్దు, సెలవు చీటీ రాయండి

(కర్నూలు బట్టల షాపులు, నర్సింగ్ హోములు, ప్రైవేటు స్కూళ్లలోను, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లోను పనిచేసే మహిళల కోసం కర్నూలులో జరిగిన ఒక సమావేశంలో న్యాయవాది మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినవి. అక్కడక్కడ కుదించాం.)

అందరికీ నమస్కారం. ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి. ఆదోని నుంచి వచ్చినవాళ్లకు మళ్లీ బస్సు టైముంటుంది కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి పోదాం.

కాన్పుకు ముందు పనిచేసే చోట రిజైన్ లెటర్ రాసిచ్చినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఎత్తండి. (చాలా చేతులు లేచాయి.) చూశారా, దాదాపు సగం మంది. ఆ లెటర్ మీరే సొంతంగా రాశారా, ఎవరైనా రాయమంటే రాశారా? రాయమంటేనే కదా. ఎలా అంటారో కూడా నాకు తెలుసు. 'టెన్షన్ పడొద్దమ్మా, ఇప్పటికి రిజైన్ చేసి హాయిగా పుట్టింటికి పో. బిడ్డకు ఆర్నెల్లు నిండినాక రా, మన షాపు యాడికి పోతుంది?' ఎంత తియ్యగా ఉంటుందో ఆ మాట! ఒక్కోసారి అన్న మనిషి నిజంగా మంచివాడే అయ్యుంటాడు. కానీ ఆ తెల్లకాగితం మీద సంతకం పెట్టిన నిమిషం నుంచి, కాగితాల లెక్కలో, మీరంతట మీరే ఉద్యోగం మానేశారు. సెలవులో ఉన్న ఉద్యోగిని చట్టం కాపాడుతుంది. మానేసిన మనిషి తరఫున నేను కోర్టులో నిలబడితే, అవతలి లాయరు ఆ కాగితం ఒక్కటి చూపించి కూర్చుంటాడు. ఆ తర్వాత ఆరు నెలల డబ్బు లేదు, పాత జీతం లేదు, సర్వీసు లేదు. తిరిగి వెళ్తే కొత్తగా చేరినవాళ్లతో సమానం.

ఇవాళ మీరు నేను చెప్పిందంతా మరిచిపోయినా సరే, ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. మిగతావన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ప్రసూతి ప్రయోజనాల చట్టం మనకు 1961లో వచ్చింది. మొదట్లో సెలవు 12 వారాలు. 2017 ఏప్రిల్ 1 నుంచి 26 వారాలైంది, అంటే 182 రోజులు, జీతంతో. 2025 నవంబరు 21న, పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, ఈ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. 'పాత చట్టం పోయిందంట కదా మేడమ్, ఇప్పుడు లీవ్ లేదంట కదా' అని నన్ను ఫోన్లో అడిగినవాళ్లున్నారు. లీవ్ ఎక్కడికీ పోలేదమ్మా. 26 వారాలు అలాగే ఉన్నాయి, కొత్త కోడ్‌లో సెక్షన్ నంబర్లు మారాయి, అంతే. ఇప్పటికే ఇద్దరు పిల్లలుండి మూడో కాన్పయితే మాత్రం 12 వారాలు. 26 వారాల్లో కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకు వాడుకోవచ్చు. చివరి దాకా పనిచేసి, మొత్తం కాన్పు తర్వాతే తీసుకుంటానన్నా మీ ఇష్టం. కాన్పయిన మొదటి ఆరు వారాలు మాత్రం మీరు చేస్తానన్నా సరే, యజమాని పని చేయించుకోకూడదు.

ఫ్యాక్టరీ అయితే ఎలాగూ వర్తిస్తుంది. షాపు, ఆసుపత్రి, ఆఫీసు లాంటి చోట్ల పదిమంది పనిచేస్తే చాలు.

ఎవరికి వస్తుందన్న దగ్గరే అబద్ధాలు ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి. 'ఏడాది సర్వీసు నిండాలి' అంటారు. 'నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు' అంటారు. చట్టం అడిగేది డాక్టరు రాసిచ్చిన కాన్పు తేదీకి వెనక 12 నెలల్లో కనీసం 80 రోజుల పని. అంతే! నాలుగో నెలలో ఉండగా షాపులో చేరిన అమ్మాయికి కూడా 80 రోజులు నిండితే హక్కు వచ్చేసినట్టే. డైలీ వేజ్ వాళ్లకు రాదన్నది ఇంకో అబద్ధం. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోడ్డు పనులు చేసే ఆడవాళ్ల కేసులో సుప్రీం కోర్టు 2000లోనే ఆ మాట కొట్టేసింది. గుంత తవ్వే ఆడమనిషికైనా ఆఫీసులో కూర్చునే ఆడమనిషికైనా కాన్పు కాన్పే కదా.

కాంట్రాక్ట్ నర్సులు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం ఇంకొక కేసు. ఢిల్లీలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక డాక్టరమ్మ 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు పెట్టింది. ఆమె కాంట్రాక్టు జూన్ 11తో అయిపోతుంది. ఆసుపత్రివాళ్లు 11 రోజుల సెలవే ఇస్తామన్నారు. ఆ కేసు పైదాకా వెళ్లింది. కాంట్రాక్టు అయిపోయినా 26 వారాల డబ్బు ఇచ్చి తీరాలని 2023లో సుప్రీం కోర్టు చెప్పింది. మీ మేనేజరు 'మార్చితో నీ కాంట్రాక్టు క్లోజ్' అంటే ఈ తీర్పు గుర్తు చేయండి.

(వెనక వరసలోంచి ఒక షాపు యజమాని: 'మేడమ్, మా కష్టం కూడా చూడండి. పని చేయకుండా ఆర్నెల్ల జీతం ఇయ్యాలంటే మేం షట్టర్ దించుకోవాల్సిందే.')

అన్నా, మీరు రావడమే సంతోషం, నిజంగా. మీ షాపులో ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా, ఉందా? (ఉంది.) మరి మీ జేబులోంచి ఏం పోతుందన్నా?

ఇది అందరూ వినాలి. నెల జీతం 21,000 లోపు ఉండి, ఈఎస్‌ఐ కట్టే చోట మీరు పనిచేస్తుంటే, ఆ 26 వారాల డబ్బు యజమాని ఇవ్వడు. ఈఎస్‌ఐ కార్పొరేషనే మీ అకౌంట్లో వేస్తుంది. 12,000 జీతం అనుకుందాం. మీ జీతంలో ముప్పావు శాతం, అంటే నెలకు 90 రూపాయలు కట్ అవుతాయి. యజమాని మూడుంపావు శాతం, 390 రూపాయలు కడతాడు. కాన్పుకు వెళ్తే రోజుకు ఉజ్జాయింపుగా 400 చొప్పున 182 రోజులకు 72,800 వస్తాయి. దానికి ముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో, అంటే ఆరేసి నెలల చందా కాలాల్లో, కలిపి 70 రోజుల చందా పడి ఉంటే చాలు. ఇన్నాళ్లూ ఆ 90 రూపాయలు కట్టి, తీరా కాన్పు టైముకు రిజైన్ రాసిచ్చి వెళ్లిపోవడమంటే, నెలనెలా చీటీ కట్టి పాట మనకొచ్చిన రోజు వద్దని లేచి వచ్చేసినట్టు కాదా? యజమానికి పైసా మిగలదు, మీకు పైసా రాదు. చాలాచోట్ల ఇది దుర్మార్గం కూడా కాదు, ఇద్దరికీ తెలియకపోవడం.

ఈఎస్‌ఐ లేని చోట, జీతం 21,000 దాటినవాళ్ల విషయంలో మాత్రం అన్న చెప్పిన కష్టం నిజమే. అక్కడ భారమంతా యజమానిదే, ప్రభుత్వం ఒక్క రూపాయి పంచుకోదు. నా అభిప్రాయం అడిగితే, 26 వారాలు చేసిన రోజే ఆ ఖర్చులో ప్రభుత్వం వాటా పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేదు కాబట్టే ఇంటర్వ్యూలో 'పెళ్లయిందా? పిల్లల ప్లానింగ్ ఎప్పుడు?' అని అడుగుతున్నారు. అయినా సరే, ఆ లోటు పేరు చెప్పి మీ హక్కును ఎగ్గొట్టే వీలు ఎవరికీ లేదు.

ఇప్పుడు బట్టల షాపు పిల్లల సంగతి. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి చీరలు మడతపెట్టేదాకా నిలబడే పని. కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోకూడదట, కెమెరాలో చూస్తారట. ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మాయి స్టాక్ రూములో చీరల మూట మీద రెండు నిమిషాలు ఒరిగితే, కౌంటరు దగ్గర నుంచి పేరు పెట్టి పిలిచి లేపిన షాపు నాకు తెలుసు. పేరు చెప్పను. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం చేశారు. ఇక్కడ గర్భిణికి మాత్రం ఒక రక్షణ మొదటి నుంచీ ఉంది, ఎవరూ వాడుకోవడం లేదు. కాన్పు తేదీకి ముందు ఆరు వారాలు, దానికి ముందు ఇంకొక నెల, అంటే ఇంచుమించు చివరి రెండున్నర నెలలు. ఆ రోజుల్లో బరువు పనిగాని, గంటల తరబడి నిలబడే పనిగాని నాకు వద్దని మీరు అడిగితే, అలాంటి పని చెప్పకూడదు. గంటల తరబడి నిలబడటం అన్న మాట చట్టంలోనే ఉందమ్మా, నేను కల్పించి చెప్పడం లేదు. తేలిక పని ఇచ్చామని జీతం తగ్గించడానికీ వీల్లేదు. బిల్లింగ్ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టమనండి. కాకపోతే మీరు అడగాలి. అడగకపోతే ఈ రక్షణ పనిచేయదు.

తర్వాతది చెప్పడానికి కొంచెం కష్టమైన విషయం. అబార్షన్. దాని గురించి మనం ఇంట్లోనే సరిగా మాట్లాడుకోం, ఇక ఆఫీసులో ఏం చెప్తాం? మూడో నెలలోనో నాలుగో నెలలోనో పోతుంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంటారు, నాలుగో రోజుకు డ్యూటీ. ఒక నర్సమ్మ నా దగ్గరికి వచ్చింది. తను పనిచేసే ఆసుపత్రిలోనే డీఎన్‌సీ, అంటే గర్భసంచి శుభ్రం, చేయించుకుని, అయిదో రోజున అదే వార్డులో నైట్ డ్యూటీ చేసింది. పక్క బెడ్లలో బాలింతలు. ఆ నాలుగు రోజులకూ జీతం కట్. ఆమె నన్ను అడిగింది కట్ చేసిన ఆ నాలుగు రోజుల జీతం గురించే. గర్భస్రావమైతే మరుసటి రోజు నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు ఉందని ఆ తల్లికి తెలియదు. పేషెంట్లకు డిశ్చార్జి కాగితాలు రాసిచ్చే మనిషికే తెలియదు! ఆరు వారాలమ్మా. డాక్టరు సర్టిఫికెట్ ఒక్కటి చాలు. ట్యూబెక్టమీ చేయించుకుంటే రెండు వారాలు. గర్భం వల్ల, కాన్పు వల్ల, నెలలు నిండకుండా పుట్టడం వల్ల జబ్బు చేస్తే ఇంకొక నెల అదనం.

తీసేస్తే? గర్భంతో ఉందని, సెలవులో ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. సెలవులో ఉన్నప్పుడు జీతం తగ్గించడం, ఉన్న స్థానం మార్చి కిందికి దించడం కూడా అంతే. తీసేశారు కాబట్టి ప్రసూతి డబ్బు రాదన్నదీ తప్పే. అయితే తీసేసినట్టు మీకు తెలియజేసిన రోజు నుంచి 60 రోజుల్లోపు అధికారికి అప్పీలు పెట్టుకోవాలి. మన ఆడవాళ్లు అక్కడే ఓడిపోతున్నారు. కాన్పు, పురిటి స్నానం, బారసాల, పిల్లకు జలుబు... ఈలోగా మూడు నెలలు గడిచిపోతాయి. మీరు కదల్లేకపోతే మీ అమ్మనో, మీ ఆయననో కాగితాలిచ్చి పంపండి. లాయరు ఫీజుకు భయపడొద్దు. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఫోన్ నంబరు 15100.

కాన్పు కాకుండా మామూలు జబ్బుల గురించి రెండు మాటలు. మగవాళ్లకూ వర్తిస్తుంది, తమ్ముళ్లూ వినండి. ఈఎస్‌ఐలో జబ్బు సెలవుకు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. టీబీ, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులైతే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు, దానికి పాత సర్వీసు ఉండాలి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 78 రోజుల చందా కడితే, దాని ఫలం వచ్చే జనవరి నుంచి జూన్ వరకు. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టింది జులై నుంచి డిసెంబరుకు. మొన్ననే చేరి ఇవాళ జబ్బు పడితే వైద్యం ఉంటుంది, డబ్బు రాదు. రెండోది సర్టిఫికెట్. మనవాళ్లు జ్వరమొస్తే గాయత్రి ఎస్టేట్‌లో ఏదో ఒక ఆసుపత్రికి పోతారు, వేలు ఖర్చుపెడతారు, ఆ బిల్లులు తెచ్చి ఈఎస్‌ఐ డబ్బు రాలేదంటారు. ముందు డిస్పెన్సరీకి వెళ్లి అక్కడి డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించుకోవాలి. ఈఎస్‌ఐ లేకపోయినా, మాల్ లాంటి పెద్ద షాపుల్లో పనిచేసేవాళ్లకు మన రాష్ట్ర షాపుల చట్టం కింద ఏడాదికి 12 రోజుల జబ్బు సెలవు, 12 రోజుల క్యాజువల్ లీవ్ ఉన్నాయి, రెండూ జీతంతోనే.

(ముందు వరసలోంచి ఒక టీచర్: 'మా అత్తకు పక్షవాతం వచ్చింది మేడమ్. చూసుకునే దిక్కు నేనే. దానికి సెలవుందా?')

లేదు తల్లీ. ఉన్నదున్నట్టు చెప్తున్నా. ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే ఉద్యోగం కాపాడే సెలవు ప్రైవేటు రంగంలో మనకు లేదు. అమెరికాలో మన పిల్లలుంటున్నారు కదా, వాళ్లకు 1993లో ఒక చట్టం వచ్చింది. తల్లికో, తండ్రికో, భార్యకో, బిడ్డకో తీవ్రమైన జబ్బు చేస్తే ఏడాదిలో 12 వారాలు సెలవు, తిరిగొస్తే ఉద్యోగం ఇవ్వాలి. అత్తమామలు ఆ లిస్టులో లేరు, అది వేరే కథ. (నవ్వులు.) ఇంకొక తిరకాసు ఏంటంటే, ఆ 12 వారాలకూ జీతం ఇవ్వాలని ఆ చట్టంలో లేదు. 50 మంది కంటే తక్కువుండే ప్రైవేటు కంపెనీలకు వర్తించనే వర్తించదు. కాన్పుకు కూడా వాళ్లకు దేశమంతటికీ ఉన్నది అదే, జీతం లేని 12 వారాలు. మనకు జీతంతో 26 వారాలు ఉన్నాయి, అత్తను చూసుకోవడానికి ఒక్క రోజూ లేదు. ఇంట్లో ముసలివాళ్లను కోడలు చూసుకుంటుందిలే, ఆమెకు ఉద్యోగమెందుకు ఉంటుందిలే అనుకుని రాసిన చట్టాలివి. నీ విషయంలో ఇప్పటికి చేయగలిగింది, నీకున్న క్యాజువల్ లీవులు, మిగిలిన సెలవులు కలిపి, కారణం రాసి అడగడమే.

సుగ్గికి పోయేవాళ్ల సంగతి కూడా అనకుండా ఉండలేను. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరుకు మిరపకాయల కోతకు పోతారు చూడండి, నిండు గర్భిణులు లారీ ఎక్కుతారు. నేనిప్పటిదాకా చెప్పినవేవీ వాళ్లకు అందవు. మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు అయిదు వేలు, అది కూడా పేరు రాయించుకుంటే.

సరే, కాగితాల పని చూద్దాం. ఇదిగో ఉత్తరం, చదువుతాను. 'అయ్యా, నేను మీ షాపులో చీరల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. నాకు ఫలానా తేదీకి కాన్పు అని డాక్టరు రాశారు. ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవులో ఉంటాను. సెలవు కాలంలో వేరే ఎక్కడా పని చేయను. నాకు రావలసిన ప్రసూతి డబ్బు నాకు గాని, మా అమ్మకు గాని ఇవ్వగలరు.' కింద అమ్మ పేరు, మీ సంతకం, తేదీ. ఇందులో సెలవు ఇప్పించమని బతిమాలడం ఎక్కడా లేదు, గమనించారా? ఫలానా రోజు నుంచి ఉండనని చెప్తున్నాం, అంతే. ముందు ఇవ్వలేకపోతే కాన్పయిన తర్వాత వీలైనంత తొందరగా ఇచ్చినా చెల్లుతుంది. రెండు కాపీలు రాయండి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం పెట్టించుకోండి. పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, మేనేజరు వాట్సాప్‌కు ఫోటో కూడా కొట్టండి. ఉత్తరంతో పాటు స్కానింగ్ రిపోర్టు, తల్లీబిడ్డల కార్డు జిరాక్సులు జత చేయండి. జీతం చేతికిచ్చే చోట మీరు 80 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి కదా. హాజరు పుస్తకం ఫోటోలు, డ్యూటీ చార్టు, గ్రూపులో 'రేపు మార్నింగ్ షిఫ్ట్' అని వచ్చిన మెసేజీలు, ఏవీ డిలీట్ చేయొద్దు.

(ఒక యువతి: 'చేరినప్పుడే తేదీ లేకుండా రిజైన్ లెటర్ మీద సంతకం పెట్టించుకున్నారు అక్కా. ఇప్పుడేం చేయాలి?')

మంచి ప్రశ్న. ఎన్నో నెల నీకు? అయిదా. అయితే టైముంది. రేపే ఈ సెలవు ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపు. పోస్టు రసీదు మీద తేదీ ఉంటుంది. ఆ తర్వాత వాళ్లు ఆ పాత కాగితం మీద ఏ తేదీ వేసుకున్నా, సెలవు అడిగిన మనిషి రిజైన్ ఎందుకు చేస్తుందని నేను కోర్టులో అడగగలను. చేరినప్పుడు ఇలా సంతకం తీసుకున్నారని అదే ఉత్తరంలో ఒక వాక్యం రాయి. నీతో పాటు చేరిన పిల్లల చేత కూడా పెట్టించుకుని ఉంటారు కదా, వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి నాకివ్వు.

(ఒక యువకుడు: 'తండ్రికి లీవ్ ఉందా మేడమ్? మా ఆవిడకు వచ్చే నెల డెలివరీ.')

ప్రభుత్వ ఉద్యోగివా? కాదా. ప్రభుత్వంలో అయితే 15 రోజులుంది. ప్రైవేటులో చట్టం ఏమీ లేదు నాయనా, కంపెనీ దయ. నీకున్న క్యాజువల్ లీవుల్లో ఎన్ని మిగిలాయో ఇవాళే చూసుకో. పండగలకు, పెళ్లిళ్లకు వాడేయకుండా అట్టే పెట్టుకో. ఉత్తరం నకళ్లు ఆ బల్ల మీద ఉన్నాయి, తలా రెండు తీసుకోండి. ఆదోనివాళ్లు ముందు తీసుకోండమ్మా, మీ బస్సు పోతుంది.